పేరెత్తి చేసిన ప్రార్థన

బందరు,
జూన్ 2005

చిరంజీవి రమ్యకు,

మావయ్య దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరమూ క్షేమం. నువ్వు నాగాయలంక చేరావని జకరయ్య బావ కబురు పంపాడు. మా అక్క సులోచన చేతి వంట తింటున్నావు కాబట్టి నీ ఆరోగ్యం గురించి అడగను. తిండి విషయంలో ఆవిడ ఎవరి మాటా వినదు.

మీ ఇంట్లో ఫోను తీగ పీకేసి బీరువా మీద పెట్టాను. మీ అమ్మ ఎలీసబెతు ఇప్పటికీ వంటింట్లోంచి ఉలిక్కిపడి వస్తోంది, మోగిందేమోనని. మొన్నటిదాకా అన్నం దగ్గర మోగేది, ప్రార్థన దగ్గర మోగేది. ఎత్తితే ఏ ఊరివాడో నీ పేరు చెప్పి అడిగేవాడు. వాళ్ళు ఏం అడిగేవాళ్ళో మా చెల్లెలు నాకు కూడా చెప్పలేకపోయింది. తను కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం చూశాక నాకు చెప్పాల్సిన అవసరమూ కనపడలేదు.

ఫోను వద్దు, ఈమెయిలు అసలే వద్దు అన్నావు. సరే, ఉత్తరాలే రాసుకుందాం. కవరు అంటించాక పోస్టుమాన్ కూడా చూడలేడు. నా చేతిరాత బాగుండదంటావేమో, జిల్లా కోర్టులో జడ్జీలే చదువుకున్నారు, లెక్కల పంతులమ్మవి నువ్వు చదవలేవా?

ఫిర్యాదు రాయాలి కాబట్టి జరిగింది వరసగా పెడుతున్నాను. తప్పుంటే దిద్దు. గుడివాడలో బీఎడ్ చదువుతున్నప్పుడు ఉద్యోగం దరఖాస్తు కోసం ఒక నెట్ సెంటర్లో నీ ఫొటో స్కాన్ చేయించావు. క్రిస్మస్ పాటల బృందంలో నీలం చీరతో నిలబడ్డ ఫొటో. అది ఎవడి చేతిలోనో పడింది. వాడొక వెబ్‌సైటులో నీ పేరున పేజీ తెరిచి, ఆ ఫొటో పెట్టి, నువ్వే రాసుకున్నట్టు బూతులు రాసి, కింద దరఖాస్తులో ఉన్న ఇంటి ఫోన్ నంబరు వేశాడు. ఫోన్ చేసినవాళ్ళలో ఒకడు చెబితే నువ్వు ఒకే ఒక్కసారి వెళ్ళి చూశావు. ఇంతే కదా?

భయపడకు తల్లీ. దీనికి మన దేశంలో చట్టం వచ్చి అయిదేళ్ళయింది. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం, అరవై ఏడో సెక్షను. అయిదేళ్ళ జైలు, లక్ష జరిమానా. నా సర్వీసంతా సెక్షన్ల మధ్య గడిచింది, చట్టం ఆలస్యం చేస్తుంది గానీ మోసం చెయ్యదు. నీకు ఉద్యోగం ఇచ్చిన స్కూలు కరస్పాండెంటు గోవర్ధనరావు గారిని కూడా కలిశాను. నీకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. దసరా సెలవుల తర్వాత వచ్చి చేరమన్నారు. ఈ లోపల ఆ పేజీ తీయించి నిన్ను బందరు బస్‌స్టాండులో నేనే దింపుకుంటాను.

మీ మావయ్య,
కృపావరం

*

నాగాయలంక,
జూన్ 2005

మావయ్యకు,

మీ ఉత్తరం చదివి ఎన్నాళ్ళకో నవ్వాను. పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ఏమిటే అంది. మావయ్య మోకాళ్ళ గురించి రాశాడన్నాను. నిజమే కదా.

కామెర్లు వచ్చి తగ్గాయి, గాలి మార్పుకి పంపామని అమ్మ చెప్పింది కదా, పెద్దమ్మ రోజూ పొద్దున్నే నేలఉసిరి దంచి రసం తాగిస్తోంది. లేని జబ్బుకి అంత చేదు మందు తాగడం ఎలా ఉంటుందో మీకు రాసి చెప్పలేను. ఆవిడ ముందు కూర్చుని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలదు.

ఒక్కటి దిద్దాలి. "నువ్వే రాసుకున్నట్టు" అన్నారు. నిజంగా నేనే రాసుకున్నట్టుంది మావయ్యా. నాకు లెక్కలంటే ఇష్టమని ఉంది, పాడతానని ఉంది, మామిడి తాండ్ర ఇష్టమని కూడా ఉంది. ఆ పక్కనే ఆ మాటలు. అంటే వాడు నాకు తెలిసినవాడే. గుడివాడలో నాతో కూర్చుని చదివినవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటున్నాను. నోట్సు అడిగి తీసుకెళ్ళినవాళ్ళు, టీ ఇప్పించినవాళ్ళు, అక్కా అని పిలిచినవాళ్ళు. వీళ్ళు కాదు అని ఎవరి గురించీ అనలేకపోతున్నాను. ఇంతమందిని అనుమానించాల్సి రావడం కన్నా వాడెవడో తెలిసిపోవడమే నయం.

మీ సెక్షను మీద నాకు నమ్మకం లేదు, మీ మీద ఉంది. ఉద్యోగం పోకుండా చూడండి. నాన్న పోయాక అమ్మ నన్ను చదివించింది ఆ స్కూల్లో నేను నిలబడి పాఠం చెబితే చూడాలని. ఒక్క మాట మటుకు ఇవ్వండి. ఈ సంగతి మీకూ అమ్మకీ నాకూ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. పోలీసులకి తప్పదంటే సరే. తెలిసిన వాళ్ళకి మాత్రం వద్దు. తెలియని వాళ్ళు చూస్తే ఫోన్ చేస్తారు, అంతే. తెలిసిన వాళ్ళు చూస్తే నేను మళ్ళీ వాళ్ళ మొహం చూడలేను.

మీ రమ్య

*

బందరు,
జూలై 2005

చిరంజీవి రమ్యకు,

నేలఉసిరి లివరుకి మంచిదేలే, తాగు. మా అక్క చేతుల్లో పడ్డాక రోగం లేకపోవడం ఒక లెక్కా!

నువ్వు అడిగిన మాట ఇస్తున్నాను, నాలుగో మనిషికి తెలియనివ్వను. ఫిర్యాదు ఇచ్చాను. స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ గారు మర్యాదస్తుడు, కుర్చీ వేయించి చదివాడు. చదివి, "పెద్దాయనా, ఈ చట్టం కింద డీఎస్పీకి తక్కువవాడు దర్యాప్తు చెయ్యకూడదండీ. నేను ముట్టుకుంటే రేపు కోర్టులో కేసే నిలవదు" అన్నాడు. నిజమే, డెబ్భై ఎనిమిదో సెక్షను. నాకు తెలిసి ఉండాల్సింది. కత్తిపోట్ల కేసు ఇన్‌స్పెక్టరు చూస్తాడు గానీ నీ పేజీ కేసు డీఎస్పీ చూడాలి. ఆ డీఎస్పీ గారేమో మంత్రుల బందోబస్తులో ఉంటాడు. తిరిగి తిరిగి ఆయన్ని పట్టుకున్నాను.

ఆయనా మంచివాడే. కాకపోతే ప్రింటు చేసిన కాగితం అటూ ఇటూ తిప్పి, ఫొటోలో అసభ్యం ఏమీ లేదు కదండీ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అసభ్యం లేని పిల్ల కాబట్టే కదా మేం ఇక్కడ నిలబడ్డాం. తర్వాత విడమరిచి చెప్పాడు. నీ పేరు ఎవడో వాడుకున్నాడనీ, నీ ఫొటో నీకు చెప్పకుండా పెట్టాడనీ పట్టుకోవడానికి విడిగా సెక్షను లేదట. చట్టం దృష్టిలో నేరమల్లా ఫొటో కింద రాసిన బూతు ఒక్కటే. దాన్ని పట్టుకునే పోవాలి. ఆ వెబ్‌సైటు కంపెనీ విదేశంలో ఉంది, పేజీ తీసెయ్యమనీ, పెట్టినవాడి వివరాలు ఇమ్మనీ రాస్తానన్నాడు. రాశాడు కూడా, నేను నకలు చూశాను.

మనుషుల ప్రయత్నం మనుషులది. పైవాడి దగ్గర కూడా ఒక అర్జీ పెట్టాను. అన్ని కోర్టుల కన్నా పెద్ద కోర్టు అది. నువ్వు నిబ్బరంగా ఉండు.

మీ మావయ్య,
కృపావరం

*

నాగాయలంక,
ఆగస్టు 2005

మావయ్యకు,

డీఎస్పీ గారు ఉత్తరం రాశారంటే కొంచెం ఊపిరి ఆడింది. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం తెప్పించుకున్నాను. పాఠాలు మొదటినుంచీ ఎలా చెప్పాలో కాగితాల మీద పెట్టుకుంటున్నాను. పెద్దనాన్న రొయ్యల చెరువు దగ్గరికి వెళ్తూ, పిల్లలకి చెప్పేదానికి నువ్వెందుకమ్మా ఇంత చదవడం అంటాడు. పిల్లలు పెద్దవాళ్ళలా వదిలిపెట్టరు పెద్దనాన్నా, అడుగుతారు అన్నాను.

పోయిన వారం పెద్దమ్మ అవనిగడ్డ పంపింది, గుడ్డలు తీసుకురమ్మని. తిరుగు బస్సులో ఒకాయన నా వైపే చూస్తూ కూర్చున్నాడు. మా నాన్న వయసు ఉంటుంది. ఆ పేజీ చూసి ఉంటాడా, ఫోన్ చేసినవాళ్ళలో ఒకడా అనుకున్నాను. దారిలో ఒక గుడి దగ్గర దిగిపోయాను. బస్సు కదిలాక చూస్తే ఆయన ఇంకా అటే చూస్తున్నాడు. నన్ను కాదు, కిటికీలోంచి గుడి దగ్గర జనంలో ఎవరికోసమో వెతుకుతున్నాడు. పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చిన వాళ్ళ మధ్య, సంచి ఒళ్ళో పెట్టుకుని, తర్వాతి బస్సు వచ్చేదాకా తల వంచుకునే కూర్చున్నాను. నాకే అసహ్యం వేసింది మావయ్యా. నేనేం చేశానని?

పేజీ పోయిందని ఒక్క ముక్క రాయండి. ఆ రోజే బస్సెక్కుతాను.

మీ రమ్య

*

బందరు,
సెప్టెంబరు 2005

చిరంజీవి రమ్యకు,

పేజీ తీసేశారు. కంపెనీ నుంచి జవాబు వచ్చింది. డీఎస్పీ గారు కంప్యూటర్ తెరిపించి నా కళ్ళతో చూపించాడు. అక్కడ ఇప్పుడేమీ లేదు.

వివరాలు కూడా ఇచ్చారు. పేజీ పెట్టిన కనెక్షన్ నంబరు గుడివాడలో నువ్వు ఫొటో స్కాన్ చేయించిన నెట్ సెంటర్‌దే. డీఎస్పీ గారు వెళ్ళి, ఏ కంప్యూటర్ నుంచి పెట్టారో కూడా తేల్చాడు. గోడవారగా ఉన్నది. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో మటుకు తేలలేదు. గంటకింత అని డబ్బు తీసుకోవడమే గానీ అక్కడ పేర్లు రాసుకోరు. అడగాలని చట్టంలో కూడా లేదు. కుర్చీ దొరికింది, మనిషి దొరకలేదు.

నువ్వు వెంటనే రానక్కర్లేదు. దసరా కూడా వెళ్ళనీ. ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు, మీ అమ్మకి కూడా కాస్త నలతగా ఉంది. కంగారు పడాల్సిందేం లేదు. అక్కడే ఉండు. ఆదివారాలు మాత్రం గుడికి వెళ్ళకపోయినా పరవాలేదు, ఇంట్లోనే బైబిలు చదువుకో.

మావయ్య

*

నాగాయలంక,
అక్టోబరు 2005

మావయ్యకు,

ఆదివారం గుడికి వెళ్ళొద్దని మీరు రాశారు. పుట్టి బుద్ధెరిగాక మీ నోట ఆ మాట వినలేదు. మీ మోకాళ్ళ నొప్పిలో కూడా మమ్మల్ని మెడ పట్టి తీసుకెళ్ళేవారు. ఎందుకో అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ జనానికి జడిసి మానేసినదాన్ని, పేజీ పోయిందన్న ధైర్యంతో వెళ్ళాను.

పాటలయ్యాక విన్నపాల ప్రార్థన. కళ్ళు మూసుకున్నాం. కోటమ్మ గారని ఇక్కడ స్త్రీల సమాజం పెద్దావిడ, గొంతెత్తి ప్రార్థన చేసింది. కలరా రాకూడదంది, వేటకి వెళ్ళినవాళ్ళు క్షేమంగా రావాలంది. ఆ తర్వాత ఇలా అంది, ఒక్క అక్షరం నాది కాదు:

"ప్రభువా, బందరులో ఎలీసబెతమ్మ గారి కుమార్తె రమ్య, ఇంటర్నెట్‌లో చెడ్డ ఫొటో పడి సిగ్గుతో కుమిలిపోతున్న నీ బిడ్డను జ్ఞాపకం చేసుకో తండ్రీ."

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. నోరు అలవాటుగా అనేసింది.

కళ్ళు తెరిస్తే పెద్దమ్మ నా వైపు చూస్తోంది. ఆరాధన అయ్యాక తనే కోటమ్మ గారి దగ్గరికి వెళ్ళి ఆ రమ్య నేనేనని చెప్పింది, చెప్పకూడదని ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది? కోటమ్మ గారు పరుగున వచ్చి నన్ను కావలించుకుంది. నీ కోసం శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నాం తల్లీ, విజయవాడలో ఉన్న మా అమ్మాయి నీ ఫొటో కంప్యూటర్లో చూపించింది, చూడకుండా ఎవరికోసమని ప్రార్థన చేస్తాం అంది. చీర చాలా బాగుందమ్మా అని కూడా అంది. పేజీ పోయింది కదా అన్నాను. పేజీ కాదు, అందరికీ మెయిల్లో వచ్చిందట. మా అమ్మాయి వాళ్ళ స్నేహితులందరికీ వచ్చింది, వాళ్ళు ఇంకా చాలామందికి పంపారు, అంతా ప్రార్థనలో ఉన్నారని సంతోషంగా చెప్పింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు జాలిగా నా తల నిమిరారు. అంతమంది చేతులు నా మీద పడుతుంటే పారిపోవడానికి కూడా లేకపోయింది.

పెద్దమ్మ మర్నాటి నుంచి నేలఉసిరి రసం ఇవ్వడం మానేసింది.

మన ముగ్గురికి తప్ప తెలియని సంగతి దివిసీమ చివర ఉన్న ఊరికి ఎవరు మోసుకొచ్చారు? అమ్మ అయి ఉండదు, అమ్మకి ఆ వెబ్‌సైటు పేరు పలకడం కూడా రాదు. పైవాడికి అర్జీ పెట్టానన్నారు. ఏం రాసి పెట్టారు మావయ్యా?

రమ్య

*

బందరు,
అక్టోబరు 2005

రమ్యా,

నేనే.

మన సంఘంలో ప్రార్థన మనవి ఎలా ఇస్తామో నీకు తెలుసు. చీటీ మీద పేరు రాయాలి, ఊరు రాయాలి, కష్టం దాచకుండా రాయాలి. దేవుని దగ్గర దాపరికం కూడదని చిన్నప్పటి నుంచీ నేర్పారు, నేను మీ అందరికీ నేర్పాను. నీకు ఇచ్చిన మాట గుర్తు రాక కాదు. దేవుడు నాలుగో మనిషి కాదనుకున్నాను. ఆయన చెవిలో చెబుతున్నాననుకున్నాను. కోర్టులో రాసిన అలవాటు ఒకటి ఏడిసింది కదా, వివరం లేని అర్జీ నిలవదని వెబ్‌సైటు పేరుతో సహా రాసిచ్చాను.

పాస్టరు గారు చదివారు. స్త్రీల సమాజం వాళ్ళు రాసుకున్నారు. వాళ్ళ చీటీలు అన్ని ఊళ్ళ సంఘాలకీ వెళ్తాయి, పెడనకీ గుడివాడకీ మీ దివిసీమకీ. ఎప్పుడూ వెళ్ళేవే. రోగాల చీటీలు వెళ్ళినప్పుడు ఎవరికీ నష్టం రాలేదు, అందుకని నాకు తట్టలేదు. పాటల బృందం పిల్లలు నెట్ సెంటర్‌కి వెళ్ళి ఆ పేజీ తెరిచారు. పేజీ మొత్తం, ఫొటో, కింద ఆ రాతలు, ఫోన్ నంబరు, అంతా తీసి, "ఈ సహోదరి కోసం ప్రార్థించండి, మరో పదిమందికి పంపండి" అని పైన రాసి పంపారు. చెడ్డ బుద్ధితో కాదు. నన్ను చూసి, అంకుల్, హైదరాబాదు దాకా వెళ్ళిందని చెప్పారు. నేను సంతోషిస్తాననుకున్నారు.

అప్పుడు పాస్టరు గారి కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఆయన హడలిపోయి మరుసటి ఆదివారం లేచి, రమ్య గారి విషయం ఎవరూ ఎవరికీ చెప్పవద్దు, ఆ ఫొటో ఎవరూ చూడవద్దు అని ప్రకటించారు. అప్పటిదాకా వినని వాళ్ళు కూడా ఆ రోజు విన్నారు.

డీఎస్పీ గారి దగ్గరికి వెళ్ళాను. మొదటి పేజీ ఎవడు పెట్టాడో తెలియదు, ఈ మెయిళ్ళు ఎవరెవరు పంపారో నేను రాసిస్తానన్నాను. ఆయన "వాళ్ళందర్నీ ముద్దాయిల్ని చేస్తే మీ అమ్మాయి పేరు ఇంకో జిల్లాకి వెళ్తుందండీ" అన్నాడు. ఇంటికొచ్చి చట్టం పుస్తకం తీసి అరవై ఏడో సెక్షను మళ్ళీ చదివాను. ప్రచురించినవాడే కాదు, పంపినవాడూ నేరస్తుడే, ప్రచురణకి కారణమైనవాడూ నేరస్తుడే. నీకు ధైర్యం చెబుతూ ఎన్నిసార్లు చదివానో ఆ సెక్షను. అందులో నేనున్నానని అప్పుడు కనపడలేదు.

గోవర్ధనరావు గారికి కూడా ఆ మెయిల్ చేరింది. ఆయన మనవాళ్ళు కాదు, ఎవరు పంపారో తెలియదు. అమ్మాయి తప్పేమీ లేదని నాకు తెలుసండీ, పిల్లల తల్లిదండ్రులకి ఎలా చెప్పను అన్నారు. ఆ ఉద్యోగంలో వేరే ఆవిడ చేరింది. ఇది రాయలేకే ఎండలనీ నలతనీ రాశాను. మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు.

నిన్ను క్షమించమని అడగను. ఏం చెయ్యమంటే అది చేస్తాను. వచ్చి నిన్ను తీసుకెళ్ళనా? కోర్టులో నా మీద నేనే కేసు వేసుకోనా? ఒక్క ఉత్తరం రాయి తల్లీ. తిట్టు, అయినా రాయి.

కృపావరం

*

డిసెంబరు 2005

మావయ్యకు,

పైన ఊరు పేరు రాయలేదు. మరిచిపోయి కాదు.

కోర్టులో కేసు వేసుకోవద్దు. ఇప్పుడున్న కేసు కూడా మూసేయించండి. ఆ పేజీ ఒకటి పోలీసుల కట్టలో, ఒకటి కోర్టు కట్టలో, ఒకటి ప్లీడరు కట్టలో ఉంటుంది. ఇది నాదేనా అని జడ్జి గారు అడిగితే నేను అందరి ముందూ అది చూసి అవునని చెప్పాలి. ఎవడి మీద చెప్పాలి? కుర్చీ మీదా?

మీ మీద కోపం ఉందా అంటే, చాలా రోజులు ఉంది. ఆ పేజీ పెట్టినవాడి మీద కన్నా ఎక్కువ ఉంది. వాణ్ణి తిట్టుకోవచ్చు, మిమ్మల్ని తిట్టుకోబోతే ఏడుపు వస్తుంది. వాడు పెట్టిన పేజీని ఒక ఉత్తరంతో తీసేశారు మావయ్యా. మీరు పెట్టింది ఎవరు తీస్తారు? నా మంచి కోరి దాచుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, నా మంచి కోరే దాన్ని పారేయమని ఎలా అడుగుతారు? అది నేను చచ్చేదాకా ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు జాలితో తెరిచి చూస్తూ ఉంటారు.

పెద్దమ్మ, పెద్దనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అయినా అక్కడ ఉండలేకపోయాను. గుడికి వెళ్తే కావలించుకుంటారు, వెళ్ళకపోతే ఇంటికొచ్చి కావలించుకుంటారు. ఇంకో చోట చిన్న బడిలో లెక్కలు చెబుతున్నాను. బాప్తిస్మం అప్పుడు పెట్టిన పేరుతోనే చేరాను. ఇక్కడివాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు. మొదట్లో పిలిస్తే పలికేదాన్ని కాదు, ఇప్పుడు పలుకుతున్నాను. వినాయకచవితి, క్రిస్మస్ అన్నీ ఒకటే అన్నట్టు ఉంటాను. ఎవరూ ఏ సంఘం అని అడగలేదు. అడిగినా చెప్పను. పాడటం రాదని చెప్పాను.

అమ్మకి నేనెక్కడున్నానో తెలుసు. ఆమెని అడగొద్దు, అడిగినా చెప్పదు, ఒట్టు వేయించుకున్నాను. అమ్మతో మీరే ముందు మాట్లాడండి. ఆమెకి మీరు తప్ప అన్న ఎవరున్నారు?

ఈ కవరు వేరే ఊళ్ళో పోస్టు చేయిస్తున్నాను, ముద్ర చూసి వెతుక్కోకండి. నేనెక్కడున్నానో మీకు చెప్పాలని నాకూ ఉంది. మీతో నవ్వి ఎన్నాళ్ళయిందో. కానీ తెలిస్తే మీరు ఊరుకోలేరు. నాకు జ్వరమంటే, ఒంటరిగా ఉన్నానంటే, పెళ్ళి కాలేదంటే, మీ చెయ్యి చీటీ మీదకి వెళ్తుంది. మీ ప్రేమ అలాంటిది.

నా కోసం ప్రార్థన చెయ్యండి మావయ్యా, వద్దనను. తలుపు వేసుకుని, మనసులో చేసుకోండి. పేరు మాత్రం ఎత్తకండి.

మీ మేనకోడలు